స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్: పన్ను పెంచితే జనం పోతున్నారు, తగ్గిస్తే ఖజానా నిండడం లేదు

కాజీపేట కోటవాడు

అందరికీ నమస్కారం. హనుమకొండలో డిగ్రీ చదివే రోజుల్లో చౌరస్తా వెనుక సందులోని ఒక నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి స్ట్రాంగ్‌హోల్డ్ క్రూసేడర్ ఆడేవాడిని, అదే కోట కట్టి, జనాన్ని పోషించి, శత్రువుతో యుద్ధం చేసే కంప్యూటర్ ఆట. 2002లో వచ్చిన ఆ ఆటను ఇన్నేళ్ళ తర్వాత, వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుడికి చూపిద్దామని లాప్‌టాప్‌లో మళ్ళీ వేసుకున్నాను. అప్పట్లో మా ధ్యాసంతా కోటగోడల మీద, విలుకాండ్ర మీద ఉండేది కాబట్టి పన్నుల పేజీని సరిగ్గా చూసిన గుర్తు కూడా లేదు. ఇప్పుడు చూస్తే, యుద్ధం కంటే ముందు ఆ పేజీలోనే ఓడిపోతున్నాను.

జరిగింది వివరంగా చెబుతాను. నా కోటలో 72 మంది జనం ఉన్నారు. పన్ను ‘మీన్’ స్థాయిలో పెట్టాను, అంటే ప్రజాదరణకు నెలకు మైనస్ 8. దానికి విరుగుడుగా ఎక్స్‌ట్రా రేషన్ ఇస్తున్నాను, అది ప్లస్ 4. గరిసెలో ఆపిల్, జున్ను, రొట్టె మూడూ ఉన్నాయి కాబట్టి తిండి రకాలకు ప్లస్ 2 వస్తోంది. జనంలో సగం మందికి పైగా ఏల్ (బీరు లాంటి కల్లు) అందుతోంది, అది మరో ప్లస్ 4. అన్నీ కలిపితే నెలకు ప్లస్ 2, ప్రజాదరణ 90, ముఖం బొమ్మ పచ్చగా నవ్వుతోంది. ఇంతకంటే ఏం కావాలనుకుని కోటగోడకు రెండో వరుస మొదలుపెట్టాను.

ఆ సమయంలో ఆటలో నా శత్రువైన ఖలీఫా పంపిన బానిసలు కాగడాలతో వచ్చి నా గోధుమ పొలాలను, ఆపిల్ తోటలను తగలబెట్టారు. పొలాలు మళ్ళీ వేసుకోవచ్చులే అని నేను గోడ మీదే దృష్టి పెట్టాను. కాసేపటికి గరిసె ఖాళీ అయింది, రేషన్ తనంతట తానే సున్నాకు పడిపోయింది, నాలుగు నెలలు తిరిగేసరికి ప్రజాదరణ, జనం వెళ్ళిపోవడం మొదలయ్యే 50 కిందికి జారింది. అప్పుడు మావాడు తెర మీద వేలు పెట్టి “మామా, మంట కాడ ఒక్కలు లేరు, అందరు పోతున్నరు” అన్నాడు. కోట ముందు నెగడు చుట్టూ పనిలేని జనం కూర్చుని ఉంటారు కదా, అక్కడ నిజంగానే ఒక్కరూ లేరు. తర్వాత రొట్టెల బట్టీలకు పనివారు కరువయ్యారు, పనివారు లేక రొట్టె లేదు, రొట్టె లేక ఉన్నవారూ వెళ్ళిపోయారు.

వెంటనే పన్ను పూర్తిగా ఎత్తేశాను, అయినా పతనం ఆగలేదు. ఆదరణ కోసం జనానికే డబ్బిచ్చే లంచం పంచుదామంటే ఖజానాలో ఉన్న బంగారమంతా గోడకు పోసి ఉన్నాను. నా ప్రశ్న ఏమిటంటే, మీన్ పన్ను పెట్టడమే నేను చేసిన తప్పా? అసలు ఏ స్థాయి దగ్గర ఆగడం న్యాయం? ఎప్పుడూ తక్కువ పన్నుతో నడిపే వారు సైన్యానికి డబ్బు ఎక్కడి నుండి తెస్తున్నారు?

ఎనుమాముల లెక్కలు

కోటవాడు గారూ, నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో చిట్టా రాసే మనిషిని. పత్తి సీజన్ అయిపోయాక మధ్యాహ్నాలు కొంత తీరిక దొరుకుతుంది, ఆ తీరికలో ఈ ఆటకు కూడా ఒక చిట్టా రాసి పెట్టుకున్నాను. మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి, వాటిని విడదీసి చూద్దాం.

మొదటిది, ఎంత పన్ను అనేది. పన్ను లేకపోతే ప్రజాదరణకు ప్లస్ 1. ‘లో’ పెడితే మనిషికి నెలకు 0.6 బంగారం వస్తుంది, ఆదరణ మైనస్ 2 అవుతుంది. అంటే మూడు పాయింట్లు వదులుకుని 0.6 తెచ్చుకున్నాం, పాయింటుకు 0.2 పడింది. ఆట మొత్తంలో ఇంతకంటే మంచి బేరం లేదు, కాబట్టి పన్నే వద్దనుకునే వారు మొదటి నెల నుండే నష్టంలో ఉన్నారు. అక్కడి నుండి యావరేజ్ 0.8కి మైనస్ 4, హై 1.0కి మైనస్ 6, మీన్ 1.2కి మైనస్ 8. ఈ మూడు మెట్లలో ఒక్కో మెట్టుకు రెండు పాయింట్లు ఇచ్చి 0.2 తెచ్చుకుంటాం, పాయింటుకు 0.1 చొప్పున. మీన్ దాటి ఎక్స్‌టార్షనేట్‌కు వెళ్ళిన క్షణం నుండి అదే 0.2 కోసం నాలుగు పాయింట్లు అడుగుతుంది. అది 1.4కి మైనస్ 12. ఆపైన డౌన్‌రైట్ క్రూయల్ పేరుతో ఉన్న మూడు మెట్లు 1.6కి మైనస్ 16, 1.8కి మైనస్ 20, 2.0కి మైనస్ 24. పాయింటు విలువ 0.05కు పడిపోయింది, అంటే సరుకు అదే, ధర రెట్టింపు. అందువల్ల మీన్ దగ్గర ఆగిన మీ నిర్ణయం తప్పు కాదు సరికదా, లెక్క ప్రకారం ఆగవలసిన మెట్టు అదే. మీ 72 మందికి లో పన్ను నెలకు 43 ఇస్తే, మీన్ 86 ఇస్తుంది.

రెండోది, ఆ మైనస్ 8ని దేని మీద నిలబెట్టారు అనేది. మీ తప్పు ఇక్కడ ఉంది. ఎక్స్‌ట్రా రేషన్ ప్లస్ 4, రకాలకు ప్లస్ 2, రెండూ ఒకే గరిసె నుండి వస్తున్నాయి. గరిసె ఖాళీ అయితే ఆ 6 పోవడంతో సరిపోదు, ‘నో రేషన్’ కింద మైనస్ 8 కూడా వచ్చి పడుతుంది. ప్లస్ 6 నుండి మైనస్ 8కి, మొత్తం పద్నాలుగు పాయింట్ల తేడా. మీ ప్లస్ 2 ఒక్కసారిగా మైనస్ 12 అయింది. 90 నుండి నాలుగు నెలలకు 48 పోతే 42, మీరు చెప్పిన లెక్కతో సరిగ్గా సరిపోయింది. తర్వాత పన్ను ఎత్తేస్తే మైనస్ 8 స్థానంలో ప్లస్ 1 వచ్చింది, కానీ ఆకలి మైనస్ 8, ఏల్ ప్లస్ 4, వెరసి ఇంకా మైనస్ 3. జారడం ఎందుకు ఆగలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. జెనరస్ లంచం ప్లస్ 7 ఇస్తుంది కాబట్టి అది పెట్టగలిగితే ప్లస్ 3తో గట్టెక్కేవారు. దానికి మనిషికి 1.0 చొప్పున నెలకు 72 బంగారం కావాలి. గోడకు పోసిన దానిలో ఒక మూడు నెలల లంచం డబ్బు పక్కన ఉంచుకోవలసింది.

అదే ఏల్ చూడండి. పూర్తిగా ఆగిపోయినా అది ఇచ్చే ప్లస్ పోతుందే తప్ప కింద వేరే శిక్ష లేదు. కాబట్టి పన్నును వీలైనంత వరకు కల్లు మీద మోపాలి, కూడు మీద మోపకూడదు. ఏల్ పోసే ఇన్ ఒక్కోటి 30 మందికి సరిపోతుంది. మూడు ఇన్‌లు పెట్టి, వాటికి సరిపడా హాప్స్ (ఏల్‌కు వాడే పంట) పొలాలు, ఏల్ కాచే బ్రూవరీలు నడిపితే 72 మందికీ అంది ప్లస్ 8 వస్తుంది. అప్పుడు రేషన్‌ను ఫుల్‌కు దించండి, దానికి సున్నా. రకాలకు ప్లస్ 2 ఎలాగూ ఉంది. మీన్ పన్నుతో కలిపితే మళ్ళీ అదే ప్లస్ 2, అదే 86 బంగారం, కానీ గరిసె మీద భారం తగ్గింది. ఈ పద్ధతిలో గరిసె ఖాళీ అయినా మైనస్ 12 బదులు మైనస్ 8 వద్ద ఉంటారు.

ఇంకో మాట. ఆదరణ 100 దాటి పెరగదు. 100 చేరిన తర్వాత నెలనెలా వచ్చే ప్లస్ 2 గంగలో కలిసినట్టే. చాలామంది పచ్చ ముఖం చూసి మురిసిపోతారు కానీ, 100 వద్ద పచ్చ ముఖం అంటే వసూలు చేయని బాకీ అని నేను చిట్టాలో రాసుకుంటాను.

రాత్రి కాపలా

లెక్కల అన్నకు దండం. అయితే హాప్స్ కూడా పొలమే కదా. ఈ ఆటలో ఎడారి నడుమ పచ్చిక ఉన్న చోటే పొలం వేయగలం, ఆ పచ్చిక మీదికే శత్రువు కూడా వస్తాడు. కాగడా పట్టుకున్నవాడు ఇది గోధుమ, అది హాప్స్ అని చూసి కాల్చడు. రెండూ కాలిపోతే మీ పద్ధతిలోనూ, కోటవాడు గారి పద్ధతిలోనూ చివరికి మిగిలేది మైనస్ 16 ఒక్కటే.

నా పద్ధతి వేరు. నేను శాంతికాలంలో పన్ను అసలు పెట్టను, ఆదరణను 100 దాకా పోగేస్తాను, దాడికి సిద్ధమైన రోజున పన్నును చివరి మెట్టు దాకా లాగి మూడు నెలల్లో సైన్యాన్ని నిలబెడతాను. ఆదరణ ఉన్నదే ఖర్చు పెట్టుకోవడానికి. కోటలో ఉరికొయ్యలు కూడా నాటుతాను, వాటి వల్ల ఆదరణ కొంత తగ్గినా పనివారు వేగంగా పనిచేస్తారు. తోటలు, విగ్రహాలు పెట్టి జనాన్ని సోమరులను చేయడం నాకు ఇష్టం ఉండదు.

ఎనుమాముల లెక్కలు

కాపలా తమ్ముడూ, పొలాల గురించి మీరు అన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. ఏల్ మీద మోపినంత మాత్రాన నిప్పు అంటకుండా పోదు. నేను చెప్పింది ఒక్కటే, రెండు గుంజలకు కట్టిన బర్రె ఒక గుంజ ఊడితే పారిపోదు. హాప్స్ ఒక వైపు, గోధుమ మరో వైపు వేసుకుంటే రెండూ ఒకే రోజు కాలే అవకాశం తగ్గుతుంది. సరుకు దాచే స్టాక్‌పైల్‌లో కొంత ఏల్ నిల్వ ఉంటే హాప్స్ కాలిన తర్వాత కూడా ఇన్‌లు కొన్నాళ్ళు నడుస్తాయి.

కానీ పోగేసి ఒకేసారి పిండుకోవడం అనే మీ పద్ధతిని నేను కాగితం మీద పెట్టి చూశాను. రేషన్, రకాలు, ఏల్ కలిపి ప్లస్ 10 వస్తున్నదనుకుందాం, జనం అదే 72. చివరి మెట్టు మైనస్ 24 పెడితే నెలకు మైనస్ 14, కాబట్టి 100 నుండి మూడు నెలల్లో 58కి వస్తారు. నాలుగో నెల ఉంటే 44, జనం వెళ్ళిపోతారు, కనుక మూడు నెలలే. మూడు నెలల రాబడి 432. ఆ పోయిన 42 పాయింట్లను తిరిగి తెచ్చుకోవడానికి పన్ను లేకుండా నెలకు ప్లస్ 11 చొప్పున నాలుగు నెలలు పడుతుంది, ఆ నాలుగు నెలలు రాబడి సున్నా. ఏడు నెలలకు 432 అన్నమాట. అదే ఏడు నెలలు కదలకుండా మీన్ పన్నుతో ఉంటే 604 దాటి వస్తుంది, ఆదరణ 100 నుండి ఒక్క పాయింటు కూడా దిగదు.

మెట్లు పైకి పోయిన కొద్దీ పాయింటు విలువ సగానికి పడిపోతుంది కాబట్టి ఈ ఆటలో ఎగుడుదిగుడు పన్ను ఎప్పుడూ నిలకడ పన్ను కంటే తక్కువే ఇస్తుంది. ఒక్కచోట మాత్రం మీరు గెలుస్తారు. ఆ మూడు నెలల్లోనే శత్రువు కోట పడిపోయి ఆట ముగిసిపోతుందని మీకు ఖాయంగా తెలిస్తే, తిరిగి తెచ్చుకునే నాలుగు నెలల అవసరమే రాదు. అడ్తిలోనూ దుకాణం మూసేసి పోయేవాడే ఇలా ఊడ్చుకుపోతాడు. ఇంకొకటి గమనించండి, జనాన్ని సైనికులుగా మార్చిన కొద్దీ పన్ను కట్టే తలలు తగ్గుతాయి. వారి స్థానంలో గుడిసెలకు కొత్తవారు రావాలంటే ఆదరణ బాగుండాలి. సరిగ్గా అప్పుడే మీరు దాన్ని కిందికి లాగుతున్నారు.

ఉరికొయ్యల సంగతి మీ ఇష్టం. నేను ఉరికొయ్యలూ, తోటలూ రెండూ పెట్టను, నాకు అంత స్థలం ఉండదు.

ములుగు తొవ్వ

చరిత్ర పాఠాలు చెప్పే మనిషిని, కనుక కొంచెం పక్కదారి పడితే మన్నించండి. పక్కదారి అంటున్నాను కానీ, విషయం ఇదే.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు, దానిని అభయశాసనం అంటారు. అంతకు ముందటి రాజులు, తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకును బలవంతంగా తీసుకునేవారని ఆ శాసనమే చెబుతుంది. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతి సరుకు మీద సుంకం ముప్పైలో ఒక వంతు. కాపలా గారి పద్ధతి ఆ పాత రాజులది, కొట్టుకొచ్చిన ఓడను ఒక్కసారి దోచుకుంటే ఒక్కసారికి బాగానే ఉంటుంది, కాకపోతే రెండో ఓడ ఆ రేవు వైపు చూడదు. లెక్కల గారు ఏడు నెలల కూడికలో చూపించినది దాదాపు ఇదే.

అయితే ఆ శాసనంలో సుంకం ఎంత తక్కువ అన్నది కాదు నాకు ముఖ్యంగా కనబడేది. సుంకం ఎంతో ముందే తెలియడం, ఆపద వచ్చిన నాడు అది పెరగకపోవడం. ఆటలో ఆపద వచ్చిన నాడు మనం ఏం చేస్తున్నాం? కోటవాడు గారూ, మీ పొలాలు కాలిన నెలలో మీ పన్ను ఎంత ఉంది? అదే మీన్ కదా. గరిసె ఖాళీ అయ్యే దాకా ఫుల్ కంటే ఎక్కువ రేషన్, మారని పన్ను. నేను అయితే పొగ కనబడిన నెలలోనే రేషన్‌ను హాఫ్‌కు దించేవాడిని. హాఫ్ రేషన్‌కు మైనస్ 4 పడుతుంది, కానీ ఫుల్ రేషన్‌తో పోలిస్తే గరిసెలో ఉన్నది రెట్టింపు కాలం వస్తుంది, రకాల ప్లస్ కూడా నిలుస్తుంది. ఆ మైనస్ 4కు బదులుగా పన్నును లో దాకా దించితే మైనస్ 8 కాస్తా మైనస్ 2 అవుతుంది. మీ పాత ఏర్పాటుతోనే చూడండి. హాఫ్ రేషన్ మైనస్ 4, రకాలు ప్లస్ 2, ఏల్ ప్లస్ 4, పన్ను మైనస్ 2. మొత్తం సున్నా. ఆదరణ 90 వద్దే నిలిచి ఉండేది, పొలాలు తిరిగి వేసి పంట వచ్చే దాకా నెగడు చుట్టూ జనం కూర్చునే ఉండేవారు. నెలకు 86 బదులు 43 వచ్చేది, అంతే.

ఓరుగల్లు రాజులు చెరువులు తవ్వించిన వారికి, వాటి బాగోగులు చూసేవారికి దశబంధం కింద పదో వంతు వదిలేసిన సంగతి కూడా ఇక్కడే గుర్తుకొస్తుంది. రాబడిలో కొంత ముందే వదులుకుంటే ఆ చెరువు కింద పండేది మళ్ళీ పన్నుగానే వస్తుంది. ఆటలో బట్టీలు, బ్రూవరీలు నిలబడక ముందే మీన్ పన్ను పెట్టే వారికి ఈ మాట చెబుతుంటాను. మొదటి రెండేళ్ళు లో మీదే ఉంచి, ఒక్కో ఇన్ నిండిన కొద్దీ ఒక్కో మెట్టు ఎక్కడం నా అలవాటు.

రాత్రి కాపలా

సార్, నన్ను తీసుకెళ్ళి ఓడలు దోచే రాజుల్లో కలిపేశారు. సరే, హాఫ్ రేషన్ మాట మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు. దాన్ని శత్రువు చుట్టుముట్టినప్పుడు వాడే బటన్ అనుకున్నాను.

కాజీపేట కోటవాడు

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం కరెంటు పోయినా లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉండడంతో, దాడికి ముందు దాచుకున్న సేవ్ ఫైల్ నుండి మళ్ళీ మొదలుపెట్టాము. ఈసారి పన్నుల పేజీని మేనల్లుడికి అప్పగించి నేను గోడలు చూసుకున్నాను.

మూడో ఇన్ కట్టి, తూర్పు పచ్చిక మీద రెండు హాప్స్ పొలాలు అదనంగా వేశాము. బ్రూవరీ నుండి ఏల్ వచ్చి మూడు ఇన్‌లు నిండడానికి నేను అనుకున్నదాని కంటే చాలా ఎక్కువ సమయం పట్టింది. ఆ మధ్య కాలంలో రేషన్‌ను ముందే ఫుల్‌కు దించేసినందున ఆదరణ 90 నుండి 80కి వచ్చింది, అది చూసి కాసేపు భయపడ్డాను. రేషన్ దించేది ఇన్‌లు నిండిన తర్వాతే అని ఎవరైనా ఇదే పని చేయబోయేవారు గుర్తుపెట్టుకోండి. ఏల్ పూర్తిగా అందిన తర్వాత లెక్కల గారు చెప్పినట్టే ప్లస్ 2 వద్ద నిలబడింది.

ఖలీఫా మనుషులు మళ్ళీ వచ్చారు. ఈసారి గోధుమ ఒక్కటే కాలింది, తూర్పు వైపు రాలేదు. నేను చెప్పక ముందే మావాడు పన్నుల పేజీ తెరిచి రేషన్ హాఫ్, పన్ను లో చేసేశాడు. కొన్నాళ్ళకు రొట్టె అయిపోయింది, ఆపిల్, జున్ను మిగిలాయి, రకాల ప్లస్ 1కి తగ్గింది. మైనస్ 4, ప్లస్ 1, ప్లస్ 8, మైనస్ 2, అంటే ప్లస్ 3. ఆపద నెలలో ఆదరణ పెరగడం ఈ ఆటలో మొదటిసారి చూశాను.

ఒక అనుమానం మిగిలింది. గోధుమ మళ్ళీ పండి బట్టీలు నడుస్తున్నాయి, ఆదరణ 97 వద్ద ఉంది. నేను పన్నును ఒకేసారి మీన్‌కు తీసుకెళ్దామంటే మావాడు ఒప్పుకోవడం లేదు. “ఇంక రెండు నెలలు ఆగు మామా, గరిసె నిండనీ” అంటున్నాడు. వాడు మాట్లాడేది నెగడు వైపు చూస్తూ, అక్కడ ఏడుగురు కూర్చుని ఉన్నారు.

ఎనుమాముల లెక్కలు

మీవాడి మాటే వినండి. ఆ ఏడుగురిలో ఇద్దరికి పని దొరికేలా మాత్రం ముందు మరో రెండు బట్టీలు కట్టండి, ఊరికే కూర్చున్నవారు కూడా రేషన్ తింటారు.